1955లో ఎర్రజెండాను ఓడించింది ప్రచారమేనా?

గన్నవరం రైతుబిడ్డ:

ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ మన వామపక్ష మిత్రుల నోట ఒకటే మాట వింటున్నాను. పత్రికలు వాళ్లవి, టీవీలు వాళ్లవి, వాట్సాప్ వాళ్లది, జనాన్ని మభ్యపెట్టి గెలిచారు అని. మాది పార్టీ కుటుంబం. నా ఓటు ఇప్పటికీ అటే. కానీ ఈ వాదన మనల్ని డెబ్బై ఏళ్లుగా ఎదగనివ్వలేదని నా గట్టి నమ్మకం. అది బలంగా నాటుకుంది 1955లో. అందుకే చర్చ అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం నేపథ్యం. 1952 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు 41 సీట్లు గెలిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. మద్యనిషేధం గొడవలో ఏడాది దాటగానే ఆ ప్రభుత్వం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు. దేశంలో మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఇక్కడే వస్తుందని మనవాళ్లు ఆశపడ్డారు, ఎదుటివాళ్లు భయపడ్డారు. చివరికి 196 సీట్లలో మనకు దక్కినవి 15. ఆ మొదటి ప్రభుత్వం రెండేళ్ల తర్వాత కేరళలో వచ్చింది.

ఎందుకు ఓడామని పెద్దల్ని అడిగితే పత్రికలు విషం చిమ్మాయంటారు, గుళ్లు కూల్చేస్తారని పుకార్లు పుట్టించారంటారు, డబ్బు పారిందంటారు. ఇవన్నీ జరిగాయి, కాదనను. కానీ మన ఓట్లు తగ్గాయా? లేదు. 22 శాతం దగ్గర ఉన్నవి 31 శాతానికి పెరిగాయి! జనం మోసపోతే ఓట్లు ఎలా పెరిగాయి? 1952లో కాంగ్రెస్, ప్రకాశం గారు ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ విడివిడిగా నిలబడి ఓట్లు చీల్చుకున్నాయి. 1955లో ముగ్గురూ ఒక్కటయ్యారు. మనకు ఒక్క తోడూ లేదు. రెండెకరాల ఆసామి మనల్ని చూసి భయపడ్డాడు. ఆ భయాన్ని పోగొట్టే పని మనం చెయ్యలేదు. నా వాదన ఇంతే.

పాత కార్యకర్త, బెజవాడ:

తమ్ముడూ, నువ్వు లెక్క చెప్పావు గానీ ఆనాటి పరిస్థితి చెప్పలేదు. 1948 నుంచి 1951 దాకా కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో పోలీసు శిబిరాలు ఎలా ఉండేవో అడిగి తెలుసుకో. కాటూరు, ఎలమర్రుల్లో మగవాళ్లను బట్టలూడదీసి ఊళ్లో తిప్పారు. ఇంటికొకరు చొప్పున జైళ్లలో ఉన్న ఊళ్లున్నాయి. అలాంటి దెబ్బ తిని నాలుగేళ్లకే మళ్లీ నిలబడిన పార్టీని చిన్న రైతు భయం పోగొట్టలేదేమని అడగడం అన్యాయం.

ప్రచారం సంగతికొస్తే, కాంగ్రెస్ వాళ్లు తమ నాయకుడు ఎస్.కె. పాటిల్‌ను బొంబాయి నుంచి ప్రత్యేకంగా దించారు. ఆ జనవరిలోనే ఆవడిలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో సోషలిస్టు తరహా సమాజమే తమ లక్ష్యమని తీర్మానం చేశారు. మనం ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాటను ఎన్నికలకు నెల ముందు వాళ్లు ఎత్తుకున్నారు. అదే నెలలో మాస్కో నుంచి సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ రాసింది. మీ రష్యావాళ్లే నెహ్రూను పొగుడుతుంటే మీకెందుకు ఓటెయ్యాలని ఊరూరా అడిగారు. దానికి మన కార్యకర్త దగ్గర ఏం జవాబుంటుంది? మన పార్టీ పత్రిక ఒక్క విశాలాంధ్రతో అంతమందిని ఎదుర్కొన్నాం. దీన్ని సాకు అంటే నాకు బాధగా ఉంది.

లెక్కల మాస్టారు:

ఒక సవరణ. 1952లో పార్టీ పోటీ చేసిన స్థానాలు తక్కువ. 1955లో 169 చోట్ల నిలబడింది. కాబట్టి 22 నుంచి 31కి పెరగడమంటే పాత నియోజకవర్గాల్లోనూ అంతే పెరిగిందని అర్థం కాదు. ఎదుటి కూటమికి దాదాపు సగం ఓట్లు, 146 సీట్లు వచ్చాయి. ముఖాముఖి పోటీలో 31 శాతంతో ఎవరూ గెలవలేరు. ప్రచారం వల్ల ఎన్ని ఓట్లు మారాయో ఈ అంకెలతో తేల్చలేం. కూటమి కట్టడం వల్ల ఎన్ని సీట్లు మారాయో మాత్రం తేల్చవచ్చు.

నల్లగొండ బిడ్డ:

మా దిక్కు ముచ్చట గూడ వినుండ్రి. 1952ల హైదరాబాద్ రాష్ట్రంల పార్టీ మీద నిషేధం ఉండె. పీడీఎఫ్, అంటే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరు మీద పోటీ చేసిండ్రు. సాయుధ పోరాటం ఆపి నాలుగైదు నెల్లే అయింది. రేడియో సర్కారుది, పోలీసులు సర్కారోళ్లు, దొరలంత అటు దిక్కే. అయినా రావి నారాయణరెడ్డి గారు నల్లగొండల నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిండు. ఎదుటోళ్ల ప్రచారం గప్పుడెందుకు పనిచెయ్యలే? ఎందుకంటే వెట్టి పోయింది జనం కండ్లార చూసిండ్రు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ పంట ఇంటికి తెచ్చుకున్నది ఊరూరికి ఎరికైంది. చూసినదాన్ని ఏ పేపరు గూడ కాదనిపించలేదు.

ఇంకోమాట. మన కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి బుర్రకథలు ప్రచారం గాదా? పాటలు కట్టి, గొంగడి భుజాన ఏసుకొని తిరిగింది ప్రచారం గాదా? మనం చేస్తే చైతన్యం, వాళ్లు చేస్తే ప్రచారం అంటే ఎవరు ఒప్పుకుంటరు? చెప్పేది నిజమా గాదా అన్నదొక్కటే అడగాలె.

తెనాలి శర్మ:

నేను మీ పక్షం కాదు, అయినా మర్యాదగా ఒక మాట చెప్పనివ్వండి. మా తాతగారు 1955లో కాంగ్రెస్ కాడెద్దుల గుర్తుకు ఓటేశారు. ఆయన సంస్కృతం, ఇంగ్లీషు చదివినవారు. ఎవరో మభ్యపెడితే పడే మనిషి కాదు. రష్యాలో రైతుల్ని సమష్టి వ్యవసాయ క్షేత్రాల్లోకి బలవంతంగా తోశారని ఆయన చదివారు, నమ్మారు. అది నిజమే కదా! 1956లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్వయంగా స్టాలిన్ ఘోరాలు బయటపెట్టాడు. అదే ఏడాది హంగేరీలోకి సోవియట్ ట్యాంకులు వెళ్లాయి. అప్పటిదాకా మీ పత్రికలు ఏం రాశాయి? మా చిన్నప్పుడు సోవియట్ పత్రికలు నున్నటి రంగుల కాగితం మీద తెలుగులో వచ్చేవి, పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం. అందులో ఒక్క రైతైనా ఏడుస్తూ కనిపించలేదు. ఎదుటివాడి ప్రచారాన్ని పట్టుకోవాలంటే ముందు మనం రాసిందాన్ని పరీక్షించుకోవాలి.

పాత కార్యకర్త, బెజవాడ:

శర్మగారూ, స్టాలిన్ విషయంలో మీరన్నదాన్ని నేను తోసిపుచ్చను. కానీ 1955లో ఇక్కడి పార్టీ అడిగింది రష్యా తరహా సమష్టి క్షేత్రాలు కాదు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చినా ఆ భూమి దున్నేవాడి దాకా రాలేదు. పరిమితి పెట్టి మిగిలిన భూమి పేదలకు పంచమన్నాం. మీ తాతగారు చదివింది నిజమే అయినా, దాన్ని మా మీద మోపింది మాత్రం ప్రచారమే.

కారంచేడు దారిలో:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. రెండెకరాల ఆసామి, సంస్కృతం చదివిన తాతగారు, పార్టీ నాయకులు. ఇంతమంది వచ్చారు గానీ కూలి మనిషి ఈ చర్చలోకి రాలేదు. 1955 గురించి ఒక అమెరికన్ పాత్రికేయుడు 1956లోనే కులం కోణంలో రాశాడు. నాయకత్వం ఏ కులం చేతిలో ఉంది, ఆ కులంలోని సంపన్నులు ఆ ఎన్నికల్లో ఎటు జరిగారు అని. ఆయన చెప్పినదంతా ఒప్పుకోనక్కర్లేదు. కానీ మనవాళ్లు ఆ ప్రశ్నను వర్గదృష్టి లేదంటూ పక్కన పెట్టేశారు.

1985 జులైలో కారంచేడులో మాదిగల్ని వేటాడి చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో మాలల్ని చంపి కాలవలో పడేశారు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది. ఎర్రజెండా కింద పనిచేసిన ఎంతోమంది యువకులు అటు వెళ్లారు. వాళ్లనెవరూ మభ్యపెట్టలేదు. పాలేరుగా మా నాన్న ఎవరి పొలంలో పనిచేశాడో, ఆ ఆసామే పార్టీ గ్రామశాఖకు పెద్ద. కూలి రేటు దగ్గర మాట పెరిగితే మా నాన్న ఎవరితో చెప్పుకోవాలి? మన ఓటమికి కారణాలు వెతికేటప్పుడు ఎదుటివాళ్ల పత్రికల కంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి.

గన్నవరం రైతుబిడ్డ:

మీ ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితిలో నేను లేను. మీరన్నది నా వాదన కంటే లోతైనదని మాత్రం ఒప్పుకుంటాను. వ్యవసాయ కార్మిక సంఘాలు కట్టింది మనవాళ్లే. అదే ఊళ్లో రైతు సంఘమూ మనదే. కూలిరేటు దగ్గర ఇద్దరికీ గొడవ వస్తే ఎటు నిలబడాలో చాలా చోట్ల తేల్చుకోలేకపోయాం.

భయం సంగతి ఇప్పటి ఉదాహరణతో చెబుతాను. 2024 ఎన్నికల ముందు మా ఊళ్లో ఎవరి నోట విన్నా భూయాజమాన్య హక్కు చట్టం గురించే. పొలం పోతుందని అందరిలోనూ భయం. అధికారపక్షం వాళ్లు అదంతా దుష్ప్రచారమని కొట్టిపారేశారు. కానీ రైతు చేతిలో ఉన్న పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ ఉండేది, గట్టు మీద సర్వే రాయి మీదా ఆయన పేరుండేది. తాతలనాటి పొలం కాగితం మీద ఇంకొకరి బొమ్మ చూసిన మనిషికి భయం పుట్టించడానికి వాట్సాప్ కావాలా? 1955లో మనమూ ఇలాగే కొట్టిపారేశామని నా అనుమానం.

ఒంగోలు వకీలు:

ఆ చట్టం మీద కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కినవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి చెబుతాను. నీతి ఆయోగ్ తయారుచేసిన నమూనా ఆధారంగా వచ్చిన చట్టం అది. హక్కు ఎవరిదో తేల్చే పనిని సివిల్ కోర్టుల నుంచి తప్పించి, టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారికి, ఆపైన అప్పీలు అధికారికి అప్పగించింది. ఆ తర్వాత ఇక హైకోర్టే. రెండెకరాల రైతు హైకోర్టు దాకా వెళ్లగలడా? మా అభ్యంతరం ఇదీ. వామపక్షాలూ ఇదే చెప్పాయి. ఎన్నికల సభల్లోకి వచ్చేసరికి అది రాత్రికి రాత్రే పొలం రాయించుకుంటారన్నట్టుగా మారింది. ఆ మాట చట్టంలో లేదు. నిజమైన అభ్యంతరమూ, పెంచి చెప్పిన భయమూ కలిసిపోయి జనంలోకి వెళ్లాయి. కొత్త ప్రభుత్వం రాగానే చట్టాన్ని రద్దు చేసింది. లాభం ఎవరికి? సెక్షన్లు చదివి చెప్పినవాళ్లకు ఒక్క సీటూ రాలేదు.

కూకట్‌పల్లి పద్మ:

చట్టాలు, శాతాలు నాకంతగా తెలియవు. మా ఇంటి గ్రూపులో మామయ్యగారు రోజూ ఏదో ఒకటి పంపుతారు. ఫలానా మతంవాళ్ల జనాభా ఇంత పెరిగింది, ఫలానా పార్టీ గుడి సొమ్ము తినేసింది, ఇలాంటివి. మావారి తమ్ముడు వామపక్షం. వెంటనే అందరి ముందూ లింకులు పెట్టి అది అబద్ధమని నిరూపిస్తాడు. నిరూపణ సరైనదే. మామయ్యగారు మాత్రం మర్నాడు రెండు ఎక్కువ పంపుతారు.

నేను గ్రూపులో ఏమీ అనను. టిఫిన్ పెట్టేటప్పుడు అడుగుతాను, ఇది ఎవరు పంపారు మామయ్యగారూ, వాళ్లకెలా తెలిసిందట అని. ఒకసారి మనూరి గుడి భూములు ఇప్పుడు ఎవరు దున్నుతున్నారని అడిగాను. ఆయనే లెక్క తీశారు. ఎవరెవరు ఎన్నేళ్లుగా కౌలు కట్టకుండా తింటున్నారో పేర్లతో సహా చెప్పారు. అందులో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు, మా బంధువులూ ఉన్నారు. ఆ విషయం మీద మాత్రం ఇక ఏమీ పంపలేదు. మిగతావి పంపుతూనే ఉన్నారు.

పాత కార్యకర్త, బెజవాడ:

అమ్మా పద్మా, మంచి పని చేశావు. కానీ ఒక్కో మామయ్యగారితో ఇలా మాట్లాడటానికి ఎన్ని కోట్లమంది కోడళ్లు కావాలి? ఎదుటివాళ్లు ఒక్క మీట నొక్కి లక్షమందికి పంపుతున్నారు. మనకూ పత్రిక కావాలి, ఛానెల్ కావాలి, ఫోన్లలో కనబడే పాట కావాలి. తమ్ముడి వాదన వింటే మన కుర్రాళ్లు ఆ పని కూడా మానేస్తారేమోనని నా భయం.

గన్నవరం రైతుబిడ్డ:

మానెయ్యమనను బాబాయ్. ముందు చెయ్యాల్సింది ఏదన్నదే నా ప్రశ్న. మన జిల్లాలో ఎక్కువ పొలం దున్నేది కౌలుదార్లు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెడితే పొలం పోతుందేమోనని యజమాని పెట్టడు. కార్డు లేక కౌలుదారుకు బ్యాంకు అప్పు రాదు, పంటనష్టం డబ్బు రాదు. సంతకం నిబంధన తీసెయ్యాలని మన సంఘం ధర్నాలు చేస్తోంది. న్యాయమైన కోరిక. కానీ సంతకం పెట్టని ఆ ఎకరన్నర యజమాని ఇంటికి మనలో ఎవరైనా వెళ్లారా? ఆ కార్డు సాగు హక్కుకే గానీ భూమి హక్కుకు కాదని చట్టం చూపించి చెప్పారా? మా ఊళ్లో నేనూ మరో ఇద్దరమూ ఈ దాళ్వా లోపు ఆ ఇళ్లకు వెళ్లాలనుకుంటున్నాం. వకీలు గారూ, ఆ సెక్షన్ తేలిక తెలుగులో ఒక పేజీ రాసిస్తారా?

కారంచేడు దారిలో:

యజమానుల ఇళ్లకు వెళ్లండి, తప్పులేదు. ఆ పేజీ ముందు కౌలుదార్ల వాడల్లో చదివి వినిపించండి. అక్కడ మొదలుపెడతానంటే నేనూ వస్తాను.

ఒంగోలు వకీలు:

ఆదివారానికి రాసి ఇక్కడే పెడతాను. సర్వే నంబర్లు, పేర్లు మాత్రం ఎవరూ ఇక్కడ రాయకండి.