శ్రీశైలం దారిలో స్తంభాల రహదారి వస్తే రాత్రి నిషేధాన్ని ఎత్తివేయవచ్చా?

కల్వకుర్తి ప్రయాణికుడు:
హైదరాబాద్ నుండి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారిపై, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పడే మన్ననూరు–దోమలపెంట మధ్య, రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించడం లేదు. గేటు పడేలోగా దాటాలన్న తొందరలో మలుపుల్లోనూ వేగం తగ్గించనివారు ఉన్నారు. అడవి మీదుగా స్తంభాలపై రహదారి నిర్మించాలన్న ప్రతిపాదన అమలైతే జంతువులు కింద తిరుగుతాయి, మనం పైన వెళతాం. అప్పుడిక నిషేధం అనవసరమని నా అభిప్రాయం.

నల్లమల పరిశీలకుడు:
స్తంభాల రహదారిని నేను గుడ్డిగా వ్యతిరేకించను. మధ్యప్రదేశ్–మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవుల్లో 44వ నంబరు జాతీయ రహదారి కింద వదిలిన 9 మార్గాలను పులులు సహా అనేక జంతువులు వాడుకుంటున్నట్లు కెమెరాల్లో నమోదైంది. అయితే నల్లమలలో రాతి పీఠభూములను నిలువునా కోసుకుంటూ కృష్ణలోకి దిగే లోయలున్నాయి. వేసవిలో నీరు ఆ లోయల అడుగున, చెలమల్లో మాత్రమే మిగులుతుంది కనుక దుప్పులు, కణితులు (సాంబార్ జింకలు) పొద్దుగూకాక అక్కడికి దిగుతాయి, వాటి జాడ పట్టుకుని చిరుతలు, పులులు కదులుతాయి. ఏగిస, నల్లమద్ది, తిరుమాను ఆకు రాల్చిన ఆ నెలల్లో చాటు ఉండదు. హెడ్‌లైట్ల వెలుగు చాలా లోపలికి పోతుంది. నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పెంచి ఇక్కడ వదిలిన మూషిక జింకలు కుందేలంతే ఉంటాయి, అవీ రాత్రివేళే మేతకు బయటికి వస్తాయి. స్తంభాల కోసం ఏళ్ల తరబడి రాయి పగలగొడితే ఇవన్నీ ఎటు పోవాలి? పైన కొత్త రహదారి వచ్చాక కింది రోడ్డును మూసివేస్తామన్న హామీ లేకపోతే అడవికి ఒక రోడ్డు కాదు, రెండు రోడ్లు మిగులుతాయి.

అమ్రాబాద్ మండలవాసి:
మూసివేత అన్న మాట తేలికగా అనేశారు. వటవర్లపల్లి వంటి ఊళ్లు, చుట్టుపక్కల చెంచు పెంటలు (చెంచుల గూడేలు) ఆ రోడ్డు మీదే ఆధారపడి ఉన్నాయి. ఇక నష్టం రాత్రి మాత్రమే జరుగుతోందా? పట్టపగలు కారు ఆపి, అద్దం దించి అరటిపండ్లు విసురుతారు. కోతులు తారు మీదికి ఉరుకుతాయి. వెనుక వచ్చే బండి వాటిలో ఒకదాన్ని తొక్కి పోతుంది. పారేసిన చిప్స్ కవరులోని ఉప్పును నాకడానికి దుప్పులు రోడ్డు అంచుకు వస్తున్నాయి.

నల్లమల పరిశీలకుడు:
మీ అభ్యంతరం న్యాయమైనదే. కింది రోడ్డును స్థానికులకు, అంబులెన్సులకు ఉంచి, బయటి వాహనాలకు మాత్రమే మూయాలని నా ఉద్దేశం. పగటిపూట దారిలో బండి ఆపేవారికి జరిమానా తప్పనిసరిగా పడాలి. అందుకు వంతెన అక్కరలేదు, చెక్‌పోస్టు సిబ్బంది చాలు. కర్ణాటక నుండి కేరళకు వెళ్లే దారిలోని బందీపూర్‌లో 2009లో రాత్రి నిషేధం విధించారు, కేరళ ఎంతగా అభ్యంతరపెట్టినా అది ఇప్పటికీ కొనసాగుతోంది. కల్వకుర్తి మిత్రులు చెప్పిన తొందరకు విరుగుడు కూడా గేటు ఎత్తివేయడం కాదు: మన్ననూరులో ప్రవేశించిన సమయాన్ని చీటీపై రాసి దోమలపెంటలో సరిచూస్తే, ఎవరు ఎంత వేగంతో వచ్చారో అక్కడికక్కడే తేలిపోతుంది.