షుగరు మాత్రకూ కలుపు మందుకూ ఒకే రసాయన కుటుంబం: నాన్నగారి విషయంలో జాగ్రత్త అవసరమా?

మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగరుకు రోజూ ఉదయం గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. మాత్ర వేసుకుంటారు. వరి నాటిన నాలుగో రోజున ఎకరాకు 80 గ్రాముల పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ అనే కలుపు మందు పొడిని ఇసుకలో కలిపి, చేతికి తొడుగైనా లేకుండా, తానే మడిలో చల్లుతారు. మొన్న అలా చల్లి గట్టుకు వచ్చేసరికి చేతులు వణికాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. బెల్లం నీళ్లు తాగించిన పావుగంటకు కాస్త తేరుకున్నారు. భోజనం ఆలస్యమైన మాటా నిజమే.

ఈ రెండూ సల్ఫొనైల్ యూరియా తరగతికి చెందినవని తెలిసినప్పటినుంచి నాకు మనసు నిలవడం లేదు. మాత్ర క్లోమంలోని బీటా కణాల పొటాషియం ద్వారాలను మూసి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుందనీ, కలుపు మందు మాత్రం మొక్కల్లో ఉండి మనుషుల్లో లేని, కొన్ని అమైనో ఆమ్లాల తయారీకి కావలసిన ఏ.ఎల్‌.ఎస్‌. ఎంజైమును అడ్డుకుంటుందనీ చదివాను. అయినా చర్మం ద్వారానో శ్వాస ద్వారానో లోపలికి చేరిన మందు, అదే తరగతి మాత్ర వాడుతున్న పెద్దవారిలో చక్కెరను మరింత తగ్గించగలదా, లేక ఇది కేవలం ఆకలి కడుపుతో మాత్ర వేసుకున్న ఫలితమేనా? మా వైద్యులను వచ్చే వారం కలుస్తున్నాము; ఈలోగా మూత్రపిండాల పరీక్ష కూడా చేయించడం మంచిదా? వైద్యులు, ఔషధ రసాయన శాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించగలరు.