పర్లాకిమిడి కొట్టుకి బిల్లింగు ప్రోగ్రాము: షేర్డ్ ఫోల్డరా, సర్వరా, క్లౌడా?

ప్రశ్న (పర్లాకిమిడి)

అన్నలూ, ఇది కిరాణా హోల్‌సేల్ కొట్టు సంగతి. ఇక్కడ మూడు కౌంటర్లు, వెనక గొడౌను. హద్దు దాటితే పాతపట్నంలో ఇంకో కొట్టు. ఇప్పుడు నడుస్తున్నది ఫాక్స్‌ప్రో (మైక్రోసాఫ్ట్ పాత డేటాబేస్ సాధనం)లో రాసిన ప్రోగ్రాము. డీబీఎఫ్ ఫైళ్లు (పద్దులు దాచేవి) ఒక మెషీనులో షేర్డ్ ఫోల్డర్లో ఉంటాయి, మిగతావి అక్కడి నుంచే తెరుస్తాయి. కరెంటు పోయినప్పుడల్లా ఇండెక్సు (ఏ పద్దు ఎక్కడుందో చెప్పే సూచిక) చెడుతుంది, రీఇండెక్సు చేస్తే (దాన్ని మళ్లీ కడితే) గానీ పాత బిల్లు దొరకదు. కొత్తది రాయడానికి ఇద్దరమే. ఒకరు మైక్రోసర్వీసులు (ప్రోగ్రాముని చిన్నచిన్న వేరు ప్రోగ్రాములుగా విడగొట్టడం), డాకరు (వాటిని డబ్బాల్లా కట్టి నడిపే సాధనం), క్లౌడు (నెట్ మీది అద్దె సర్వర్లు) అంటున్నారు. నేనైతే ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) ఫైలుని అదే ఫోల్డర్లో పెడదామనుకుంటున్నా. పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రావాలి. ఏది మేలు?

జవాబు (బరంపురం)

మీరు అనుకున్నదే ముందు మానాలి తమ్ముడూ. డీబీఎఫ్ తీసేసి అదే ఫోల్డర్లో ఎస్‌క్యూలైట్ పెడితే జబ్బు అలాగే ఉంటుంది, పేరు మారుతుంది.

ఇండెక్సు ఎందుకు చెడుతోందో చూడండి. ఫాక్స్‌ప్రో పద్ధతిలో ఫోల్డరున్న మెషీనుకి ఏ బుద్ధీ ఉండదు. అడిగిన ముక్క ఇస్తుంది, ఇచ్చిన ముక్క రాసుకుంటుంది. పద్దు వెతకడం, ఇండెక్సు సవరించడం ఏ కౌంటరుకి ఆ కౌంటరు సొంతంగా చేస్తుంది. పద్దు డీబీఎఫ్‌లో పడి, సీడీఎక్స్‌లో (ఇండెక్సు ఫైల్లో) పడకముందే కౌంటరు ఆరిపోతే రెండింటికీ పొంతన పోతుంది. దానికితోడు విండోస్ షేరింగులో ఆప్‌లాక్ ఒకటి: కౌంటరు మెషీను ఫైలు ముక్కని తన దగ్గరే ఉంచుకుని, అవతలివాడు అడిగినప్పుడు వెనక్కి రాస్తుంది. మధ్యలో నెట్‌వర్కు తెగితే అది పోయినట్టే.

ఎస్‌క్యూలైట్‌ని రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టింది అమెరికా యుద్ధనౌకలో నడిచే ఒక ప్రోగ్రాము కోసం. డేటాబేస్ సర్వరు పడిపోయినా ప్రోగ్రాము ఆగకూడదని, సర్వరే లేకుండా చేశాడు. అంటే ఫైలూ ప్రోగ్రామూ ఒకే మెషీనులో ఉంటాయన్న లెక్క మీద కట్టినది. దాని వాల్ పద్ధతి (మార్పుల్ని ముందు పక్కనున్న వాల్ ఫైల్లో రాసుకునేది) షేర్డ్ మెమరీ (ఒకే మెషీనులోని ప్రోగ్రాములు పంచుకునే మెమరీ) మీద నడుస్తుంది. రెండు వేర్వేరు మెషీన్లకి అది ఉమ్మడిగా ఉండదు. పాత జర్నల్ పద్ధతి (మార్చబోయే ముక్కని ముందు వేరే ఫైల్లో దాచుకునేది) నెట్‌వర్కు మీద తెరుచుకుంటుంది గానీ, లాకులు (ఒకరు రాస్తుండగా ఇంకొకరిని ఆపేవి) అవతలి షేరింగు ఎంత నిజాయితీగా పాటిస్తే అంతే.

కాబట్టి రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి. ఒక చిన్న మెషీను, దానిలో ఒకే ప్రోగ్రాము, దాని పక్కనే డేటాబేస్. కౌంటర్లు మూడూ బ్రౌజరులో దాన్ని తెరుస్తాయి. ఫైలుని ఏ కౌంటరూ ముట్టదు, ఆ ఫోల్డరు షేరింగు తీసెయ్యండి. మూడు కౌంటర్లకి ఎస్‌క్యూలైట్ చాలు. పోస్ట్‌గ్రెస్ (సర్వరుగా నడిచే డేటాబేస్) మీకు అలవాటుంటే అదీ మంచిదే, నిర్మాణం మారదు.

ఎస్‌క్యూలైట్ అయితే ఇవి మరవకండి. జర్నల్ మోడు వాల్. సింక్రొనస్ (రాసినది డిస్కులో పడేదాకా ఆగాలా అన్న సెట్టింగు) ఫుల్; నార్మల్ పెడితే ఫైలు చెడదు గానీ కరెంటు పోయినప్పుడు చివరి ఒకటి రెండు బిల్లులు మాయమవ్వొచ్చు, కొట్టులో అది కుదరదు. బిజీ టైమవుట్ (ఇంకొకరు రాస్తుంటే ఆగి చూసే సమయం) 5000 మిల్లీసెకన్లు. ఫారిన్ కీ తనిఖీని (ఒక పట్టిక చూపే పద్దు ఇంకో పట్టికలో నిజంగా ఉందా అని చూసేది) ప్రతి కనెక్షనుకీ విడిగా ఆన్ చెయ్యాలి. బిల్లు రాసే ప్రతి లావాదేవీని (పడితే అన్నీ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదన్న రాతల కట్ట) బిగిన్ ఇమీడియట్‌తో (రాసే లాక్ మొదట్లోనే తీసుకునే ఆదేశం) మొదలుపెట్టండి. ఉత్త బిగిన్‌తో ముందు చదివి తర్వాత రాయబోతే, మధ్యలో ఇంకొకరు రాసేసి ఉంటే టైమవుట్ దాకా ఆగకుండా వెంటనే లాక్ ఎర్రరు ఇస్తుంది. "టైమవుట్ పెట్టినా లాక్ అంటోంది" అని అడిగేవాళ్లలో చాలామందికి ఇదే.

జవాబు (జయపురం)

పైదానికి ఒక్క చేర్పు. మెషీనుకి యూపీఎస్ పెట్టి నెట్‌వర్కు స్విచ్చుని (కౌంటర్ల కేబుళ్లు కలిసే పెట్టె) గోడ ప్లగ్గులోనే వదిలేస్తారు. కరెంటు పోతే సర్వరు వెలుగుతూనే ఉంటుంది, కౌంటర్లకి దారి ఉండదు. స్విచ్చుకీ యూపీఎస్ నుంచే ఇవ్వండి.

మైక్రోసర్వీసుల మాట: 1968లోనే మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామరు రాశాడు, ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే వ్యవస్థా అదే ఆకారంలో వస్తుందని. వేర్వేరు జట్లు ఎవరి పని వాళ్లు, ఎవరి వేళకి వాళ్లు విడుదల చేసుకోవాలంటే సర్వీసులు విడగొట్టడంలో అర్థముంది. ఇద్దరు మనుషులు, ఒకే బల్ల. ఆరు సర్వీసులు పెడితే స్టాకు తగ్గి బిల్లు పడని కేసులు, బిల్లు పడి స్టాకు తగ్గని కేసులు చేత్తో సరిచెయ్యాలి. ఒకే డేటాబేసులో అయితే ఆ రెండూ ఒకే లావాదేవీ. కోడులో మాత్రం బిల్లు, స్టాకు, ఖాతా వేర్వేరు మాడ్యూళ్లుగా రాసుకోండి.

ప్రశ్న (పర్లాకిమిడి)

అర్థమైంది అన్నా. మరి పాతపట్నం కొట్టు? రోజులో రెండు మూడుసార్లు నెట్ పోతుంది. బిల్లు నంబర్లు కలిసిపోవా?

జవాబు (బరంపురం)

పాతపట్నానికి వేరే మెషీను, వేరే డేటాబేస్. నెట్ ఉన్నా లేకపోయినా అక్కడి బిల్లు అక్కడే పడాలి.

నంబర్లకి కొట్టుకో వరస పెట్టండి. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. వరసలు ఒకటికి మించి ఉండొచ్చు. కొట్టు గుర్తుకి ఒక ఇంగ్లీషు అక్షరం, గీత, ఆర్థిక సంవత్సరం (25-26 లాగా), గీత, ఆరంకెల సంఖ్య: మొత్తం 14. కౌంటర్లు మూడూ ఒకే సర్వరుకి రాస్తాయి కాబట్టి వాటికి వేరే వరస అక్కర్లేదు.

రెండు కొట్ల మధ్య "పప్పు నిల్వ 40 బస్తాలు" అని అంకె పంపకండి. అక్కడ 40, ఇక్కడ 37, ఏది నిజమో ఎవరూ తేల్చలేరు. కదలికలు పంపండి: 5 వచ్చాయి, 2 వెళ్లాయి. నిల్వ అంటే వాటి మొత్తం. ప్రతి కదలికకీ కొట్టు గుర్తు, ఆ కొట్టు వరస సంఖ్య, ఈ రెండూ కలిపి యూనిక్ కీ (రెండోసారి రాకూడని గుర్తు). నెట్ తెగి అదే కదలిక రెండోసారి వచ్చినా రెండోది పడదు.

పన్ను దగ్గరే హద్దు బయటపడుతుంది. జీఎస్టీలో ఒడిశా కోడు 21, ఆంధ్ర 37, రెండు రిజిస్ట్రేషన్లు. ఇక్కడి గొడౌను నుంచి అక్కడికి పంపే, పన్ను పడే సరుకు మీ సొంతదే అయినా దానికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య పన్ను)తో బిల్లు కావాలి. కౌంటరు దగ్గర కొనే, జీఎస్టీ రిజిస్ట్రేషను లేని మనిషి సంగతి ఇంకొకటి: 2023 అక్టోబరు 1 నుంచి బిల్లు మీద అతని రాష్ట్రం రాస్తే ఆ రాష్ట్రమే లెక్క, ఏమీ రాయకపోతే అమ్మేవాడి చోటే లెక్క. కాబట్టి "మన కొట్టు ఒడిశా, అన్నీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి పన్నులు)" అని కోడులో బిగించకండి. రాష్ట్రం ప్రతి బిల్లులో ఒక గడి కావాలి. ఆడిటరుకి ఒకసారి చూపించండి.

రేటు కూడా అంతే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్ల స్లాబులు మారాయి. రేటుని అమలు తేదీతో పట్టికలో ఉంచి, బిల్లు పడేటప్పుడు ఆ బిల్లు పద్దులోకి కాపీ చేసుకోండి. లేకపోతే ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింటు తీస్తే కొత్త పన్ను వస్తుంది. డబ్బు పైసల్లో, పూర్ణాంకంగా. ఫ్లోటు (దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దే వద్దు.

జవాబు (గుణుపురం)

పాత డేటా ఎక్కించేటప్పుడు చూసుకోవాల్సినవి. డీబీఎఫ్‌లో డిలీట్ చేసిన పద్దు ఎక్కడికీ పోదు. పద్దు మొదటి బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, ప్యాక్ ఆదేశం (డిలీట్ అయినవాటిని నిజంగా చెరిపేది) కొట్టేదాకా ఫైల్లోనే ఉంటుంది. ఆ బైటు చూడకుండా ఎక్కిస్తే రద్దయిన బిల్లులన్నీ లేచి కూర్చుంటాయి. పేర్ల గడులు నిర్ణీత వెడల్పువి, చివర ఖాళీలు కత్తిరించాలి. ఫీల్డు పేరు పది అక్షరాలే కాబట్టి ఏది దేనికో ముందు ఒక జాబితా రాసుకోండి. ఎక్కించాక నెలవారీ మొత్తాలు పాత ప్రోగ్రాము రిపోర్టుతో పైసతో సహా కలవాలి. కలవని నెల దగ్గర ఆగి వెతకండి, ముందుకు పోవద్దు.

పాత ప్రోగ్రాముని ఇంకెన్నాళ్లు లాగొచ్చని అడగలేదు గానీ, విజువల్ ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్ 9 వచ్చింది 2004లో, మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ఆగిపోయింది.

జవాబు (రాయగడ)

లిపుల సంగతి. యూనికోడులో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) భారతీయ లిపులు ఇస్కీ (భారతీయ లిపుల పాత ప్రమాణం) వరసలోనే పేర్చారు, అందుకే లిపి మారినా అక్షరం స్థానం మారదు. తెలుగు క 3093, ఒడియా క 2837, తేడా 256. తెలుగు పేరులో ప్రతి అక్షరం నుంచి 256 తీస్తే ఒడియా పేరు చాలామటుకు వచ్చేస్తుంది. "చాలామటుకు" అన్నాను, ఎందుకంటే హ్రస్వ ఎ, ఒ ఒడియాలో లేవు, ఆ స్థానాలు ఖాళీ. వాటిని, వాటి గుర్తుల్నీ దీర్ఘాల మీదికి మళ్లించాలి. ఱ స్థానమూ ఖాళీయే. వ, య దగ్గర ఒడియా వాడుక వేరు, అక్కడ మనిషి చూడాల్సిందే. అందుకని రెండు పేర్లకీ రెండు గడులు పెట్టి, ఈ లెక్కతో వచ్చినదాన్ని చిత్తుగానే వాడండి.

వెతుకులాటలో ఒక చిక్కు: "రాజ్‌కుమార్" లాంటి పేర్లలో కంటికి కనపడని అక్షరం ఒకటి, యూనికోడు సంఖ్య 8204, ఉంటుంది. ఒకరు దాంతో, ఒకరు అది లేకుండా కొడితే ఖాతా దొరకదు. వెతకడానికి వేరే గడి పెట్టి, అందులో 8204, దానిలాగే కనపడని 8205 తీసేసి దాచండి.

థర్మల్ ప్రింటరుకి తెలుగు అక్షరాలు నేరుగా పంపితే ప్రశ్నగుర్తులు గానీ చెత్త గానీ వస్తుంది. బిల్లుని బొమ్మగా గీసి పంపాలి. 80 మిల్లీమీటర్ల కాగితానికి మామూలుగా 576 చుక్కల వెడల్పు, 58కి 384. బొమ్మ అంతకంటే వెడల్పుంటే కుడివైపు మొత్తాలు తెగిపోతాయి.

ప్రశ్న (పర్లాకిమిడి)

బ్యాకప్పుకి రాత్రి పది గంటలకి ఫైలు పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే చాలా?

జవాబు (బరంపురం)

చాలదు. వాల్ పద్ధతిలో తాజా బిల్లులు పక్కనున్న వాల్ ఫైల్లో ఉండొచ్చు, అసలు ఫైలు ఒక్కటే కాపీ చేస్తే అవి రావు. వ్యాక్యూమ్ ఇంటూ అనే ఆదేశంతో కొత్త ఫైలు తీసి, దాని మీద ఇంటెగ్రిటీ చెక్ (ఫైలు చెడలేదని చూసే తనిఖీ) నడిపి, అప్పుడు పెన్‌డ్రైవులో వెయ్యండి. రెండు పెన్‌డ్రైవులు, రోజు మార్చి రోజు, ఒకటి ఇంటికి. వారానికోసారి దాన్ని వేరే మెషీనులో తెరిచి ఆ రోజు ఆఖరి బిల్లు ఉందో లేదో చూడండి.

ఇంకోటి, సర్వరు బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చాక తేదీ వెనక్కి పోతుంది, నెట్ లేకపోతే తనంతట సరికాదు. కొత్త బిల్లు తేదీ ఆఖరి బిల్లు తేదీ కంటే వెనకైతే ప్రోగ్రాము బిల్లు వెయ్యకుండా ఆగాలి. బ్యాటరీ నంబరు మామూలుగా 2032, ఏ వాచీ కొట్లోనైనా దొరుకుతుంది.