మగపిల్లాడు ముగ్గు వేస్తే తప్పా?

ప్రశ్న (కావలి నుంచి):
మా వాడికి ఏడేళ్లు. తెల్లారగానే నాతోపాటు వాకిట్లో కూర్చుంటాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారవిడుస్తూ, ఊపిరి బిగపట్టి చుక్కలు కలుపుతాడు. నా గీత కంటే వాడి గీతే సన్నం. నిన్న మా అత్తయ్య గిన్నె లాక్కుని "ఆడంగి పనులేందిరా" అన్నారు. రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించాలా?

జవాబు:
వద్దమ్మా. ఒంగోల్లో సైకాలజీ చెప్తాను నేను. 1974లో అమెరికాలో సాండ్రా బెమ్ అనే సైకాలజిస్టు 60 గుణాలతో ఒక ప్రశ్నావళి తెచ్చారు. జనం మగవాళ్లవి అనుకునేవి 20, ఆడవాళ్లవి అనుకునేవి 20, ఎటూ కానివి 20. మొదటి రెంటినీ ఆమె విడివిడిగా కొలిచారు. ఒకే మనిషిలో తెగువా, మెత్తదనం రెండూ నిండుగా ఉండొచ్చు. ఒకటి పెరిగితే రెండోది తరగాలనేం లేదు.

ఇంకో జవాబు:
మాది కలిగిరి వైపు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే "ఆడోళ్లకెందుకీ గొడవ" అన్నాడంట మా తాత. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. అత్తయ్యగారికి ఆ రోజులు గుర్తుంటాయి, కదిపి చూడండి.

అడిగినామె:
కదిపాను. చాలాసేపు మాట్లాడలేదు. ఈ పొద్దున పిండి గిన్నె వాడి పక్కన పెట్టి లోపలికెళ్లారు.