గుర్రానికి ఫ్లై రగ్ (ఈగలు వాలకుండా ఒంటికి కప్పే జాలీ గుడ్డ) ఏది కొనాలి? మిడ్జ్‌లనే కుట్టే నుసుములు మా పోనీని పీక్కు తింటున్నాయి

ఇన్వర్‌నెస్_అనూష:

అందరికీ నమస్తే అండి. మేము స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి 12 ఏళ్ళు, పోయిన నవంబర్‌లో తన కోసం ఒక హైలాండ్ పోనీ కొన్నాం, ఎత్తు 13 హ్యాండ్స్ 2 అంగుళాలు (హ్యాండ్ అంటే 4 అంగుళాలు), ఒళ్ళంతా అచ్చుబెల్లం రంగు, అందుకని మా అమ్మాయి దానికి బెల్లం అనే పేరు పెట్టుకుంది. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు, హాయిగా తిరిగింది, జూలు మెడకి రెండు వైపులా పడి ఎంత బావుండేదో. మే రెండో వారం నుంచి మొదలైందండి. కంచె స్తంభానికి మెడ వేసి రుద్దుకోవడం, తోక మొదలు గేటుకేసి రుద్దుకోవడం, పడుకుని పొట్ట నేలకి రాసుకోవడం, పది రోజుల్లో జూలు సగం ఊడిపోయింది, తోక పైభాగం అరిగిపోయిన చీపురులా అయింది, మెడ మీద చర్మం చెక్కులు కట్టి అక్కడక్కడా రసి కారుతోంది. పిల్ల రోజూ స్కూల్ నుంచి వచ్చి దాన్ని చూసి ఏడుస్తోంది.

వెట్ వచ్చి చూసి ఇది స్వీట్ ఇచ్ అన్నారు, మిడ్జ్‌లు కుట్టినప్పుడు వాటి లాలాజలం పడక వచ్చే అలర్జీ అట. అమ్మినవాళ్ళు మాకు ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు, నవంబర్‌లో చూస్తే మనకేం కనపడుతుంది, అప్పటికి ఒక్క మిడ్జ్ కూడా ఉండదు కదా.

సరే అని ఆన్‌లైన్‌లో 40 పౌండ్లు పెట్టి ఒక ఫ్లై రగ్ కొన్నాను, 6 అడుగుల సైజు, కొంచెం పెద్దదైతే ఇంకా బాగా కప్పుతుంది కదా అనుకున్నాను. నిన్న సాయంత్రం రగ్ తీసి చూస్తే ప్రాణం ఉసూరుమంది. లోపలి వైపు, భుజం దగ్గర తెల్ల గుడ్డ మీద మిరియాల పొడి చల్లినట్టు మిడ్జ్‌లు, ఒక్కోటి నువ్వు గింజలో సగం కూడా లేదు, వేలితో నలిపితే ఎర్రగా రక్తం అంటింది. అంటే అవి జాలీలోంచి దూరి లోపలే కూర్చుని తాగుతున్నాయన్నమాట. ఇప్పుడు ఎలాంటిది కొనాలి, సైజు ఎలా చూసుకోవాలి, రోజంతా వేసి ఉంచితే ఉక్కపోయదా, తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కార్క్_లక్ష్మి:

అనూషా, నువ్వు రాసింది చదువుతుంటే ఆరేళ్ళ కిందట మా కాబ్ (పొట్టిగా దిట్టంగా ఉండే రకం గుర్రం) ఎలా ఉండేదో కళ్ళముందు కనపడింది. మేం ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఉంటాం, ఇక్కడా ఇదే గోల. ముందు ఒక మాట, మామూలు ఫ్లై రగ్ వేరు, స్వీట్ ఇచ్ రగ్ వేరు. షాపులో రెండూ ఒకే వరసలో వేలాడతాయి కాబట్టి అందరం మొదటిసారి తప్పు కొంటాం. మామూలు ఫ్లై రగ్ జాలీ జోరీగల్నీ ఇంట్లో తిరిగే ఈగల్నీ ఆపుతుంది, మిడ్జ్ రెక్కలు చాపినా 2 మిల్లీమీటర్లే, దానికి ఆ జాలీ సింహద్వారమే. మన ఇళ్ళల్లో శొంఠిపొడి వస్త్రకాయితం పడతారు చూడు, జల్లెడలో పట్టడం కాదు గుడ్డలోంచి పట్టడం, ఆ తేడానే ఇక్కడ కూడా. జల్లెడ లాంటి రగ్ వద్దు, గుడ్డ లాంటిది కావాలి. రగ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, కంటికి చిల్లులు విడివిడిగా కనపడుతున్నాయంటే పక్కన పెట్టెయ్.

గుడ్డ ఎంత మంచిదైనా సందులుంటే వేస్ట్. మెడ ముక్క ఒంటితో కలిపి కుట్టేసి ఉండాలి, విడిగా తెచ్చి వెల్‌క్రోతో అతికించేది అయితే ఆ అతుకు దగ్గరే దూరతాయి. మెడ ముక్క చెవుల వెనక దాకా రావాలి. పొట్ట కింద వెడల్పాటి పట్టీ ఉండాలి, సన్నటి బెల్టులు రెండు ఉంటే చాలదు, ఎందుకంటే పొట్ట మధ్య గీత వెంట ఇవి బాగా కుడతాయి, నువ్వు నేలకి రాసుకుంటోంది అన్నావు కదా అదే. తోక మీద పడే ముక్క పెద్దగా ఉండాలి. చెవులకి కూడా గుడ్డ ఉన్న మాస్క్ విడిగా కొను.

సైజు విషయంలో మాత్రం పెద్దది కొనడం పెద్ద పొరపాటు తల్లీ. లూజుగా ఉంటే వెనక్కి జారుతుంది, జారితే ఛాతీ దగ్గర బిగుసుకుని భుజం ఒరుసుకుపోతుంది, మెడ దగ్గర నోరు తెరుచుకుంటుంది, అక్కడినుంచే లోపలికి పోతాయి. టేపు తీసుకుని ఛాతీ నడిమధ్య నుంచి పక్కగా పిర్ర చివరిదాకా కొలువు, గుర్రం నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడినప్పుడు. మీ పోనీకి 5 అడుగుల 9 అంగుళాలు రావచ్చు అనుకుంటున్నాను కానీ కొలవకుండా కొనకు. బ్రాండ్ అడిగితే, స్వీడన్ వాళ్ళ బొయెట్ ఉంది, సాగే గుడ్డతో ఒంటికి అతుక్కుని ఉంటుంది, ఇక్కడి హార్స్‌వేర్ వాళ్ళ రాంబోలో స్వీట్ ఇచ్ హూడీ ఉంది, మేం రెండూ వాడాం. 120 పౌండ్ల దాకా పెట్టడానికి సిద్ధపడు.

గొర్ల_డాక్టర్_నల్గొండ:

నేను పశువుల డాక్టర్ను అమ్మా, నల్గొండ సైడు. గుర్రాలు నా దగ్గరికి వచ్చుడు తక్కువ, గొర్లు మేకలే ఎక్కువ. కానీ ఈ నుసుములు నాకు బాగ తెలుసు, క్యూలికాయిడిస్ అంటం. వానలు పడ్డంక మా దిక్కు గొర్లకు నీలి నాలుక రోగం వచ్చేది వీటితోనే. అదే రోగం టైప్ 3 మీ బ్రిటన్‌ల కూడ 2023 నవంబర్‌ల కెంట్ దిక్కు దొరికింది. గుర్రానికి నీలి నాలుక రాదు, దాని గురించి భయపడకుర్రి.

లక్ష్మి గారు రగ్ గురించి అన్నీ మంచిగ చెప్పిన్రు. నేను చెప్పేది ఎందుకు సందు ఉండొద్దో అది. ఇది అలర్జీ కదా, వంద కాట్లు కుడితే ఎక్కువ దురద, పది కుడితే పదో వంతు దురద, గట్ల లెక్క నడవది. తత్వం పడని గుర్రానికి కొన్ని కాట్లే చాలు, ఇగ అది రుద్దుకునుడు షురూ చేస్తది, రుద్దుకుంటే పుండు, పుండు మీద ఈగ, ఈగ వాలితే ఇంకింత దురద. అందుకే సగం కప్పిన రగ్‌తోని సగం లాభం వస్తదనుకోవద్దు. ఇంకోటి, దురద మొదలైనంక రగ్ వేస్తే తగ్గేందుకు చాన రోజులు పడ్తది. వచ్చే యేడాది ఏప్రిల్ మొదట్లనే, ఒక్క నుసుము కూడ కనపడకముందే వేసుకోవాలె, అక్టోబర్ దాక తియ్యొద్దు.

ఐస్‌లాండ్ గుర్రాల సంగతి మీకు తెలిసే ఉంటది. వాటి దేశంల ఉన్నప్పుడు ఈ జబ్బు ఉండది, యూరప్‌కు అమ్మినంక చానా వాటికి వస్తది, చిన్నప్పటి నుంచి ఈ పురుగు కాటు ఎరగవు కదా. మీ బెల్లం ఇదివరకు గాలి గట్టిగ వీచే సముద్రం పక్కన పెరిగిందేమో అడుగుర్రి, గట్లయితే అమ్మినోళ్ళకు కూడ తెల్వకపోవచ్చు.

పొద్దుగూకేటప్పుడు, తెల్లవారుజామున ఇవి ఎక్కువ. ఆ టైంకు లాయంల కట్టేసి ఒక పెద్ద ఫ్యాన్ పెట్టుర్రి. గంటకు 10, 11 కిలోమీటర్ల గాలి ఉంటే ఇవి ఎగరలేవు, ఫ్యాన్ గాలి వీటికి తుఫాను లెక్క. బురద నేల, బుగ్గ నేల, చెరువు గట్టు, పేడ కుప్ప, వీటికి దూరంగ ఎత్తు మీద మేపుర్రి, నీళ్ళ తొట్టి కారి బురద అయితుంటే ముందు అది బాగుచేయించుర్రి. బెంజైల్ బెంజోయేట్ లోషన్ మంచిదే కానీ పచ్చి పుండు మీద పూయొద్దు, మంట. పర్మెత్రిన్ ఉన్న పురుగుల మందు కొడితే, గుర్రాలు ఉంచే యార్డ్‌ల పిల్లులను దగ్గరికి రానియ్యొద్దు, పిల్లులకు అది విషం.

ఆస్టిన్_వంశీ:

జీబ్రా చారల రగ్ ట్రై చేయండి అనూష గారు. ఇక్కడ టెక్సాస్‌లో మా ఫ్రెండ్ గుర్రానికి వేశాక ఈగలు చాలా తగ్గాయి, దీని మీద రీసెర్చ్ కూడా ఉంది.

కార్క్_లక్ష్మి:

వంశీ, ఆ రీసెర్చ్ నిజమే కానీ అది జోరీగల మీద. 2019లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్ళూ కాలిఫోర్నియా వాళ్ళూ కలిసి సోమర్‌సెట్‌లో గుర్రాలకి నల్ల రగ్, తెల్ల రగ్, చారల రగ్ మార్చి మార్చి వేసి చూశారు, జోరీగలు చారల దగ్గరికి వచ్చాయి కానీ వాలడం బాగా తగ్గింది, ఏ గుడ్డా లేని తల మీద మాత్రం అన్నిటికీ ఒకేలా వాలాయి. మిడ్జ్ అలా చూపుని నమ్ముకుని రాదు, ఊపిరి వాసన, ఒంటి వాసన పట్టుకుని వస్తుంది. చారలున్న రగ్ జాలీ సన్నగా ఉంటే కొనుక్కోవచ్చు, చారల కోసమని కొంటే మాత్రం ఆ 40 పౌండ్ల కథే మళ్ళీ.

మలక్‌పేట_సాయి:

మా తాతకి జట్కా ఉండేది, సాయంత్రం అయ్యేసరికి లాయంలో వేపాకు పొగ వేసేవాడు, ఒక్క దోమ ఉండేది కాదు. అక్కడ వేపాకు దొరకదేమో కానీ ఏదన్నా పొగ వేస్తే పనిచేస్తుంది అక్కా.

గొర్ల_డాక్టర్_నల్గొండ:

సాయీ, మీ తాత లాయం నాలుగు దిక్కులా తెరిచి ఉండొచ్చు, పొగ వచ్చి పోయేది. అనూష గారి దగ్గర చలి దేశపు లాయం, మూసి ఉంటది. గుర్రానికి ఊపిరితిత్తులు చాన సున్నితం, దుమ్మున్న గడ్డితోనే దగ్గు పట్టుకుంటది, పొగ వద్దు. ఫ్యాన్ చాలు.

ఇన్వర్‌నెస్_అనూష:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, మూడు వారాలకి మళ్ళీ రాస్తున్నాను. కొలిస్తే సరిగ్గా 5 అడుగుల 9 అంగుళాలే వచ్చింది లక్ష్మక్కా. హూడీ తీసుకున్నాం, చెవుల మాస్క్ కూడా. మొదటి రోజు వేస్తుంటే బెల్లం బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది, మా అమ్మాయి రగ్ ముక్కని చేతిలో మడిచి పట్టుకుని ముందు దానికి వాసన చూపించి, మెడ మీద కాసేపు ఉంచి తీసి, మళ్ళీ ఉంచి, అలా అరగంట ఓపిగ్గా వేసింది. యార్డ్ ఆవిడ మమ్మల్ని కింద బురద ఫీల్డ్ నుంచి కొండ మీది ఫీల్డ్‌కి మార్చారు, సాయంత్రం 5 కల్లా లోపలికి తెచ్చి ఫ్యాన్ వేస్తున్నాం. అమ్మినవాళ్ళకి ఫోన్ చేసి అడిగాను డాక్టర్ గారూ, మీరన్నట్టే సముద్రం ఒడ్డునే పెరిగిందట, వాళ్ళ దగ్గర ఎప్పుడూ గీరుకోలేదట. వాళ్ళ మీద అంత కోపం పెట్టుకున్నందుకు బాధనిపించింది.

స్తంభానికి రుద్దుకోవడం బాగా తగ్గింది. చెక్కులు రాలిపోయి మెడ మీద ఒక వేలి వెడల్పున కొత్త జూలు నిక్కబొడుచుకుని వస్తోంది, బ్రష్‌లా గరుగ్గా ఉంది, పిల్ల పోయి పోయి దాన్నే తడుముతోంది. ఉక్క విషయం, 22 డిగ్రీలు దాటిన రోజు రగ్ కిందకి చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది కానీ చెమట లేదు. ఒక్క సమస్య మిగిలింది, ఎడమ భుజం మీద అరచేతి అంత వెంట్రుకలు అరిగి నున్నగా అయింది. పైగా రగ్ ఉతికిన రోజు ఆరేదాకా ఏం వెయ్యాలో తెలియట్లేదు, ఇక్కడ వాన మీకు తెలిసిందే.

కార్క్_లక్ష్మి:

ఆ నిక్కబొడుచుకున్న జూలు ఫోటో పెట్టు తల్లీ, చూడాలని ఉంది. భుజానికి లోపల వేసే శాటిన్ లాంటి నున్నటి బిబ్ దొరుకుతుంది, అది వేసి చూడు, కానీ అది కూడా బిగుతుగా ఉండకూడదు. రోజూ పొద్దునా సాయంత్రం రగ్ తీసి ఒళ్ళంతా చేత్తో తడిమి మళ్ళీ వెయ్యి, రెండ్రోజులు తీయకుండా వదిలేస్తే లోపల ఏం జరుగుతోందో తెలీదు. ఉతికేటప్పుడు వాసన లేని సబ్బు, అదీ కొంచెమే, బాగా జాడించాలి, సబ్బు మిగిలితే దానికీ దురదే. రెండో రగ్ మాత్రం తప్పదు, సెకండ్ హ్యాండ్‌లో చూడు, సెప్టెంబర్ చివర్లో చాలామంది అమ్మేస్తారు, చిరుగులు పొట్ట పట్టీ దగ్గరా తోక దగ్గరా వెతికి చూసుకుని తీసుకో. అప్పటిదాకా ఉతికిన రోజు బెల్లాన్ని లోపలే ఉంచు, ఫ్యాన్ ముందు.