మాగ్నెటో స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: టైమింగ్ మారనివ్వాలా, 25 డిగ్రీల దగ్గరే ఉంచాలా?

శ్రీధర్_ఆర్‌వీ6

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను. నేనూ మా బావమరిదీ కలిసి నడుపుతున్న చిన్న విమానం ఆర్‌వీ-6కి లైకమింగ్ ఓ-320 ఇంజిన్, 160 హార్స్‌పవర్. ఎడమ మాగ్నెటో (తన కరెంట్ తనే పుట్టించుకుని ప్లగ్‌లకి స్పార్క్ ఇచ్చే పరికరం) 500 గంటల చెకింగ్‌కి వచ్చింది. విప్పి చూస్తే పాయింట్లు (స్పార్క్ కోసం కరెంట్ తెగ్గొట్టే కాంటాక్టులు) గుంటలు పడి ఉన్నాయి. రిపేరు చేయించే బదులు అది తీసేసి ఎలక్ట్రానిక్ యూనిట్ పెడుతున్నాం. కుడి వైపు మాగ్నెటోనే ఉంటుంది. ఇంతవరకు గొడవ లేదు.

కొత్త యూనిట్‌లో రెండు సెట్టింగులున్నాయి. ఒకటి, ఇంజిన్ ప్లేటు మీదున్నట్టు ఎప్పుడూ టీడీసీకి (పిస్టన్ పైకొసకి చేరే క్షణానికి) 25 డిగ్రీల ముందే స్పార్క్. రెండోది, మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ప్రెషర్) తగ్గేకొద్దీ స్పార్క్‌ని ఇంకా ముందుకు జరపడం. బావమరిది రెండోదే పెడదాం అంటాడు. నాకేమో టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

అట్లాంటా_ఫ్లయర్

మారనివ్వండి. 2700 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఒక మిల్లీసెకనులో 16 డిగ్రీలు తిరుగుతుంది. అంటే 25 డిగ్రీల ముందు స్పార్క్ ఇస్తే టీడీసీ చేరేలోగా మంటకి దొరికేది ఒకటిన్నర మిల్లీసెకను. టీడీసీ దాటాక 15 డిగ్రీల ప్రాంతంలో ప్రెషర్ పీక్‌కి రావాలి. నేల దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో, రిచ్ మిక్స్చర్‌తో (పెట్రోలు పాలు ఎక్కువగా) ఆ లెక్క కుదురుతుంది. 8000 అడుగుల్లో బయట గాలి ప్రెషరే 22 అంగుళాల పాదరసం. చార్జ్ (సిలిండర్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు మిశ్రమం) పలచన, పైగా మనం లీన్ చేస్తాం (పెట్రోలు పాలు తగ్గిస్తాం), మంట నెమ్మదిగా పాకుతుంది. పీక్ ఆలస్యమై వేడంతా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. నాదీ ఇదే ఇంజిన్. పైన క్రూజ్‌లో అదే స్పీడుకి గంటకి అర గ్యాలన్ మిగులుతోంది.

లక్ష్మి_ఏఎంఈ

శ్రీధర్ గారూ, నేను హైదరాబాద్‌లో ట్రైనర్ విమానాల మెయింటెనెన్స్ చేస్తాను. ఫ్లయర్ గారి లెక్క తప్పు కాదు. కానీ స్పార్క్ ముందుకు జరిగితే ఎగ్జాస్ట్‌లో తగ్గిన వేడి సిలిండర్ హెడ్ మీద పడుతుంది. ఈజీటీ (ఎగ్జాస్ట్ టెంపరేచర్) దిగింది కదా అని సంతోషపడితే సీహెచ్‌టీ (సిలిండర్ హెడ్ టెంపరేచర్) పైకి పోతూ ఉంటుంది. కారులో నాకింగ్ చెవికి వినిపిస్తుంది. ఇక్కడ ప్రొపెల్లర్ హోరులో డిటొనేషన్ (మిశ్రమం ఒక్కసారిగా పేలడం, అదే నాకింగ్) వినపడదు.

ఒక చోట జరిగింది చెబుతాను. మే నెల. క్లైంబ్‌లో ఆయిల్ టెంపరేచర్ ఎర్ర గీత వైపు పోతోందని ఇన్‌స్ట్రక్టర్లు రోజూ రాస్తున్నారు. ఎండలే కదా అని సరిపెట్టుకున్నాం. రనప్‌లో (టేకాఫ్ ముందు నేల మీద ఇంజిన్ పరీక్షలో) మాగ్ డ్రాప్, అంటే ఒక మాగ్నెటో ఆపితే పడే ఆర్‌పీఎం, చూస్తే ఏ వైపూ 40 ఆర్‌పీఎం దాటడం లేదు. ఎంత బాగుందో అనుకున్నాం! చివరికి ఒకటో సిలిండర్ పై ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని తన్నేదాకా ప్రొపెల్లర్ తిప్పించాను. టైమింగ్ లైటు (మాగ్నెటో పాయింట్లు తెరుచుకునే క్షణం చూపించేది) పెట్టి చూస్తే, రింగ్ గేర్ మీద 25 గీత స్టార్టర్ మీది చుక్క దగ్గరికి రావడానికి ఇంకా అర అంగుళం ఉండగానే లైటు మారిపోయింది. రెండు మాగ్నెటోలూ 4 డిగ్రీలు ముందున్నాయి. డ్రాప్ మరీ తక్కువగా ఉంటే టైమింగ్‌నే అనుమానించాలని ఆ రోజు నేర్చుకున్నాను.

అట్లాంటా_ఫ్లయర్

మేడమ్, మీ కేసులో టేకాఫ్‌లో కూడా స్పార్క్ 4 డిగ్రీలు ముందే ఉంది. ఈ యూనిట్ ఫుల్ థ్రాటిల్‌లో 25కి వచ్చేస్తుంది. రెండూ ఒకటి కాదు.

లక్ష్మి_ఏఎంఈ

ఒప్పుకుంటాను, తేడా ఉంది. కానీ వెనక్కి రమ్మని దానికి చెప్పేది మానిఫోల్డ్ ప్రెషర్ తెచ్చే ఒక సన్నటి ట్యూబ్. అది ఊడితే నేల దగ్గర పర్లేదు, బయటి ప్రెషర్ చదివి 25కే వస్తుంది. నలిగి మూసుకుపోతేనే భయం. క్రూజ్‌లోని తక్కువ ప్రెషరే లోపల చిక్కుకుంటే, కిందికి వచ్చి గో-అరౌండ్‌కి (ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకి లేవడానికి) ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా స్పార్క్ ముందే పడుతుంది. 8.5 కంప్రెషన్, ఎండాకాలం, వేడెక్కిన హెడ్‌లు. నాలుగు సిలిండర్లకీ సీహెచ్‌టీ మీటర్లు లేని విమానంలో నేనైతే ఆ సెట్టింగ్ ముట్టుకోను. మా ట్రైనర్లు వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే చుట్టూ సర్క్యూట్లే తిరుగుతాయి. వాటికి దీనివల్ల వచ్చే లాభం దాదాపు సున్నా.

హ్యాంగర్_వేణు

రెండు మాటలు. ఒకటి, పవర్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా, సొంత ఫ్యూజ్‌తో రావాలి. మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసినా ఇంజిన్ నడవాలి. మాగ్నెటోకి ఈ గొడవే లేదు, అది తిరుగుతున్నంతసేపూ తన కరెంట్ తనే పుట్టించుకుంటుంది. అందుకే కుడిదాన్ని వదలకండి. రెండు, రనప్‌లో ఇకమీదట రెండు వైపులా ఒకే డ్రాప్ రాదు. మాగ్నెటో ఆపితే ఆర్‌పీఎం పెద్దగా పడదు, ఎలక్ట్రానిక్ ఆపితే బాగా పడుతుంది. మొదటి రోజే రెండు అంకెలూ రాసిపెట్టుకోండి.

శ్రీధర్_ఆర్‌వీ6

మేడమ్, ఫ్లయర్ అన్నా, వేణు గారూ, చాలా థాంక్స్. మాకు సీహెచ్‌టీ ఒక్క మూడో సిలిండర్‌కే ఉంది. మిగతా మూడింటికీ ప్రోబులు ఆర్డర్ చేశాం. మొదటి 25 గంటలు 25 డిగ్రీల మీదే. ఎండలో క్లైంబ్‌లో నాలుగూ 400 ఫారెన్‌హీట్ లోపు ఉంటేనే రెండో సెట్టింగ్ మాట. బావమరిది ఒప్పుకున్నాడు, అయిష్టంగానే. ఇందాక కౌలింగ్ (ఇంజిన్ మూత) తీసి చూశాను. యూనిట్‌కి వెళ్లాల్సిన ట్యూబ్‌కి మేము అనుకున్న దారి ఎగ్జాస్ట్ పైపుకి రెండంగుళాల దూరంలో ఉంది. శనివారం ముందు ఆ దారి మార్చాలి.