వరిగడ్డి నుంచి గ్లూకోజు: సెల్యులేజు వేసినా దిగుబడి తక్కువ. ఎందుకు?

ప్రశ్న: నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం వరిగడ్డిని చక్కెరలుగా మారుస్తున్నాను. పొడి చేసిన గడ్డిని 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి, ఆటోక్లేవులో (ఆవిరి పీడనంతో వేడిచేసే పాత్ర) 121 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాను. వడకట్టి, కడిగి, ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద ఆరబెట్టాను. తరువాత 50 డిగ్రీల వద్ద సెల్యులేజు (గడ్డి పీచులోని సెల్యులోజును గ్లూకోజుగా విడగొట్టే ఎంజైము) వేశాను. మూడు రోజులైనా సెల్యులోజులో నాలుగో వంతు కూడా గ్లూకోజు కాలేదు. ఎంజైము పెంచాలా?

జవాబు 1: ఇప్పుడే పెంచకండి, ఎంజైము ఖరీదైనది. ముందు ఆ ఓవెన్ మానేయండి. తడి పీచులో ఉండే సన్నటి రంధ్రాల గుండానే ఎంజైము లోపలికి వెళుతుంది. పూర్తిగా ఆరితే అవి మూసుకుపోతాయి, మళ్లీ నానబెట్టినా పూర్తిగా తెరుచుకోవు. కడిగిన గడ్డిని నీళ్లు పిండేసి తడిగానే వాడండి. తేమ లెక్క కోసం అందులోంచి కొద్దిగా తీసి, దాన్ని మాత్రమే ఆరబెట్టి తూచండి.

పీ.హెచ్.ను బఫరు (పీ.హెచ్.ను నిలకడగా ఉంచే ద్రావణం) సీసాలో కాకుండా గడ్డి కలిపిన తరువాత చూడండి. పీచులో ఆమ్లం మిగిలి ఉంటే పీ.హెచ్. పడిపోతుంది. 4.8–5.0 మధ్య ఉండాలి.

జవాబు 2: వడకట్టిన ద్రవం ఏమైంది? హెమిసెల్యులోజు (పీచులో సెల్యులోజుతో పాటు ఉండే మరో పదార్థం) నుంచి వచ్చిన జైలోజు అనే చక్కెర చాలావరకు అందులోనే ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: ఫ్రిజ్‌లో దాచాను. డి.ఎన్.ఎస్. పరీక్షలో (రంగు మార్పుతో చక్కెరను కొలిచేది) చక్కెర బాగానే చూపింది. దాన్ని గ్లూకోజు లెక్కలో కలపవచ్చా?

జవాబు 2: కలపకండి. ఆ పరీక్ష క్షయకరణ చక్కెరలన్నింటినీ కలిపే చూపుతుంది. జైలోజు ఎంతో, గ్లూకోజు ఎంతో చెప్పదు. హెచ్.పి.ఎల్.సి. (చక్కెరలను విడివిడిగా కొలిచే యంత్రం) అందుబాటులో లేకపోతే గ్లూకోజు ఆక్సిడేజు కిట్టు వాడండి, అది గ్లూకోజును మాత్రమే కొలుస్తుంది. ఆ ద్రవాన్ని పులియబెట్టాలంటే మరో రెండు విషయాలు. బ్రెడ్డు తయారీలో వాడే మామూలు ఈస్టు జైలోజును పులియబెట్టలేదు. ఆమ్లం, వేడి ఎక్కువైతే జైలోజు ఫర్ఫ్యూరాల్‌గా మారి ఈస్టు ఎదుగుదలను అడ్డుకుంటుంది.

జవాబు 1: దిగుబడి లెక్కలో సెల్యులోజు బరువును 1.11తో గుణించారా? సెల్యులోజు గొలుసు తెగిన ప్రతిచోటా ఒక నీటి అణువు చేరి బరువు పెరుగుతుంది. 100 గ్రాముల గడ్డిలో 36 గ్రాముల సెల్యులోజు ఉంటే, గరిష్ఠంగా వచ్చే గ్లూకోజు 40 గ్రాములు. ఇవన్నీ సరిచేశాక కూడా తక్కువే వస్తే క్షారంతో ప్రయత్నించండి. వరిగడ్డిలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఎక్కువ, అదీ ఎంజైముకు అడ్డమే. పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణం లిగ్నిన్‌తో (పీచును గట్టిగా పట్టి ఉంచే పదార్థం) పాటు సిలికానూ కరిగిస్తుంది. ఆమ్లానికి సిలికా కరగదు.

మరో సభ్యుడు: మా ఊళ్లో కోత యంత్రం వెళ్లగానే గడ్డి తగలబెడుతున్నారు. ఇదే పని ఊళ్లో చేయగలమా?

జవాబు 2: ఊరి స్థాయిలో గిట్టుబాటు కాదండీ. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని 2022 ఆగస్టులో ప్రారంభించారు. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం. అంత పెట్టుబడి, అంత గడ్డి సేకరణ కావాలి. మీరు బేలర్‌తో కట్టలు కట్టించి పశువుల మేతకో పుట్టగొడుగుల పెంపకానికో అమ్మించండి. వానలో మాత్రం తడవనివ్వకండి, బూజు పట్టిన గడ్డిని ఎవరూ కొనరు.